కలం ఎత్తబడిన పెద్దలు - మన కర్తవ్యం

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్నంలో మాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన ఉండేవారు. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్ళపాటు ఫజ్ర్ నమాజులో, మొదటి సఫ్ఫులో ఆయన లేని రోజు దాదాపు లేదు. వీధిలోని పిల్లలకు ఖాయిదా నేర్పింది ఆయనే. అలాంటి మనిషికి డెబ్భై ఆరో ఏట మతిమరుపు మొదలైంది. ఫజ్ర్ చేసి ఇంటికొచ్చిన అరగంటకే "నమాజు టైమైందా?" అని అడిగి మళ్ళీ వుజూకు కూర్చునేవారు. పొద్దెక్కేలోగా మూడు నాలుగుసార్లు ఫజ్ర్ చేసిన రోజులున్నాయి. కొన్నాళ్ళకు జమాఅత్ నడుస్తుండగానే పక్కవారితో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక జుమా రోజున సఫ్ఫులోనే బట్టలు తడిసిపోయాయి. వెనుక నుంచి ఎవరో విసుక్కున్నారు. ఆ రోజు నుంచి కొడుకు ఆయన్ను మస్జిదుకు తీసుకురావటం మానేశాడు.

ఆ కొడుకు ఒక రాత్రి మా దగ్గరికి వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "మౌల్వీ సాబ్, మా అబ్బాకు కలిమా కూడా గుర్తుకు రావటం లేదు. చదవమంటే నా ముఖం చూసి నవ్వుతున్నారు. ఆయన ఈమాన్ పోయినట్లేనా? ఈ నమాజులు, రోజాల లెక్క రేపు ఎవరు చెప్పాలి? ఆయనా? మేమా?" అని అడిగాడు.

ప్రియ పాఠకులారా! ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. నేడు మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళ తలుపుల వెనుక ఇదే బాధ ఉంది. సిగ్గువల్ల బయటికి చెప్పుకోరు, అంతే. అందుకే ఈ విషయమై షరీఅత్ మనకిచ్చిన మార్గదర్శకత్వాన్ని వివరంగా చెప్పుకోదలిచాము.

ఇది జబ్బు, శాపం కాదు

మొదట అర్థం చేసుకోవలసింది ఇది. వయసుతోపాటు తాళాలు ఎక్కడ పెట్టామో మరచిపోవటం వేరు, తాళం చేతిలో పెట్టుకుని అది దేనికో తెలియకపోవటం వేరు. రెండోది జబ్బు. వైద్యులు దీన్ని డిమెన్షియా అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో దీన్ని వైద్యలోకం ముందు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మందికి ఈ వ్యాధి ఉంది. మన దేశంలో 60 ఏళ్ళు దాటిన వారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా ఈ వ్యాధి ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. కనుక ప్రతి మొహల్లాలోనూ, ప్రతి మస్జిదు జమాఅత్‌లోనూ ఇలాంటి పెద్దలు ఉంటారని మనం గ్రహించాలి.

దివ్య ఖుర్ఆన్ ఈ స్థితిని ఎప్పుడో ప్రస్తావించింది. మీలో కొందరు అతి నికృష్టమైన వయసుకు చేర్చబడతారని, అన్నీ తెలిసిన తరువాత ఏమీ తెలియని స్థితికి మళ్ళించబడతారని అల్లాహ్ నహ్ల్ సూరాలో (16: 70), హజ్ సూరాలో (22: 5) తెలియజేశాడు. మహాప్రవక్త (స) స్వయంగా ఈ వయసు నుంచి అల్లాహ్ శరణు కోరేవారని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ద్వారా బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) శరణు కోరారంటే ఇది కఠినమైన పరీక్ష అని అర్థం. అంతేగాని, ఆ పరీక్షకు గురైనవారు పాపులని ఎంతమాత్రం కాదు. ఆయన (స) వ్యాధుల నుంచి కూడా శరణు కోరారు. వ్యాధిగ్రస్తుల్ని మాత్రం వెళ్ళి పరామర్శించారు.

మన సమాజంలో ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. పెద్దవాళ్ళు రాత్రిళ్ళు లేచి తిరిగినా, లేనివారితో మాట్లాడినా జిన్ను పట్టిందనీ, ఎవరో చేతబడి చేశారనీ బాబాల దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ వేపమండలతో కొట్టించటం, పొగ పెట్టించటం కూడా జరుగుతుంది. సోదరులారా! ఇది జులుం. దువా చదివి ఊదటం సున్నతే, దానితోపాటు వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళటం కూడా సున్నతే. వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, మనసు కుంగిపోవటం, కొన్ని మందుల ప్రభావం వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటిని సకాలంలో పట్టుకుంటే చాలావరకు నయం చేయవచ్చు. అలాగే ఒక్కసారిగా రెండు మూడు రోజుల్లోనే మతి బాగా తప్పితే అది మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లో, ఒంట్లో నీరు తగ్గటం వల్లో కావచ్చు. వెంటనే వైద్యునికి చూపాలి.

కలం ఎత్తబడింది

ఇక ఆ కొడుకు అడిగిన ప్రశ్నకు వద్దాం. ముగ్గురి మీద నుంచి కలం ఎత్తబడిందని దైవప్రవక్త (స) తెలియజేశారు. నిద్రపోతున్నవాడు మేల్కొనేవరకు, పిల్లవాడు యుక్తవయసుకు వచ్చేవరకు, మతిలేనివాడికి మతి వచ్చేవరకు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్నె మాజాలలో ఉంది. కలం ఎత్తబడటమంటే కర్మల చిట్టాలో వారి తప్పులు రాయబడవన్నమాట. ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం మోపనన్నది అల్లాహ్ నియమం (2: 286).

కనుక తెలివి పూర్తిగా పోయిన మనిషి మీద నమాజు ఫర్జ్ కాదు. రోజా ఫర్జ్ కాదు. ఆ స్థితిలో తప్పిపోయిన వాటికి పాపమూ లేదు.

అయితే ఈ జబ్బు ఒక్కరోజులో రాదు, ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా పెరుగుతుంది. ఉదయం తెలివిగా ఉన్న మనిషి సాయంత్రానికి అయోమయంలో పడిపోతాడు. అందుచేత కొన్ని వివరాలు తెలుసుకోవాలి. తెలివి ఉన్న సమయంలో నమాజు వేళ వస్తే చేయాలి, నిలబడలేకపోతే కూర్చొని, కూర్చోలేకపోతే పడుకొని. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ప్రవక్త (స) ఇచ్చిన అనుమతి ఇదే (బుఖారీ). హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఒక పగలూ రాత్రికి మించి, అంటే ఐదు నమాజులకు మించి మతి లేకుండా పోతే వాటి ఖజా కూడా ఉండదు. రకాతులు, సజ్దాల లెక్క నిలవనంతగా రోగి తికమకపడుతుంటే అతని మీద నమాజు తప్పనిసరి కాదని, పక్కనున్నవారు చెబుతుంటే విని చేసినా ఆ నమాజు సరిపోతుందని ఫిఖ్హ్ పండితులు రాశారు. ఎంత గొప్ప సౌలభ్యమో చూడండి!

రోజాల విషయంలో రెండు రకాల పెద్దలున్నారు. మతి బాగానే ఉండి ఒంట్లో శక్తి లేనివారు ఒక్కో రోజాకు బదులు ఒక్కో పేదవానికి ఫిద్యా ఇవ్వాలి. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ముసలితనంలో ఉపవాసం ఉండలేక పేదలకు రొట్టె, మాంసం తినిపించారని బుఖారీలో ఉంది. మతే పూర్తిగా పోయినవారి మీద రోజాయే విధి కాదు కనుక ఫిద్యా బాధ్యత కూడా లేదని పండితులు చెబుతారు. మధ్యమధ్య తెలివి వచ్చేవారి విషయంలో మాత్రం మీ ఊరి ముఫ్తీగారికి రోగి స్థితి ఉన్నదున్నట్లు చెప్పి అడగండి. ఆస్తి ఉంటే జకాత్ సంగతి కూడా అప్పుడే అడగండి. మతిలేనివారి ఆస్తిపై జకాత్ లేదని హనఫీ పండితులంటే, సంరక్షకుడు చెల్లించాలని మిగతా మూడు మజ్హబ్‌ల ఇమాములు అన్నారు.

రమజాన్ పగటిపూట మతిలేని పెద్దాయన అన్నం అడిగితే "రోజా తెలీదా?" అని గద్దించకండి. పెట్టండి. నీళ్ళు తాగించండి. సాయంత్రం ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర అందరితోపాటు కూర్చోబెట్టి ఒక ఖర్జూరం చేతిలో పెట్టండి.

ఈమాన్ పోలేదు

"కలిమా మరచిపోతే ఈమాన్ పోయినట్లేనా?" అని ఆ కొడుకు అడిగాడు. లేదు నాయనా, పోలేదు. మనిషి నిద్రలో కలిమాను తలచుకోడు, అయినా ముస్లిముగానే ఉంటాడు. మెదడు అనే అవయవానికి జబ్బు చేసింది. మీ నాన్న జీవితమంతా అల్లాహ్‌కు ఇచ్చిన సాక్ష్యం అల్లాహ్ దగ్గర భద్రంగా ఉంది. ఆయన మరచిపోయాడు, అల్లాహ్ మరచిపోడు.

అంతేకాదు, ఒక శుభవార్త కూడా ఉంది. దాసుడు జబ్బుపడినప్పుడు గాని, ప్రయాణంలో ఉన్నప్పుడు గాని, ఆరోగ్యంగా ఇంటిపట్టున ఉండగా చేస్తూ వచ్చిన ఆచరణల పుణ్యమే అతని పేర రాయబడుతుందని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). నలభై ఏళ్ళు ఫజ్ర్‌కు వెళ్ళిన మనిషి ఈ రోజు మంచం మీద అయోమయంగా పడి ఉన్నా, ఆ పుణ్యం ఆగిపోదని మనం ఆశించాలి. తప్పులు రాసే కలం ఆగింది, పుణ్యం రాసే కలం ఆగలేదు. ఇంతకంటే పెద్ద కారుణ్యం ఏముంటుంది?

జబ్బులో నోటివెంట వచ్చే మాటల గురించి కూడా తెలుసుకోవాలి. జీవితంలో ఎన్నడూ బూతుమాట ఎరుగని తల్లి తిట్లు తిట్టవచ్చు. "నా గాజులు కోడలే దొంగిలించింది" అని వీధిలో అరవవచ్చు. ముసలాయన భార్యను గుర్తుపట్టక "ఎవరీమె? నా ఇంట్లో ఎందుకుంది?" అనవచ్చు. తలాఖ్ అనే మాట కూడా అనవచ్చు. మతి పోయిన స్థితిలో చెప్పిన తలాఖ్ చెల్లదు. ఆ స్థితిలో నోరుజారిన మాటతో మనిషి కాఫిర్ కాడు. ఆ కోడలు దొంగ కాదు. ఆ మాటలన్నీ జబ్బువి. వాటిని పట్టుకుని ఇంట్లో తగాదాలు పెట్టుకోవద్దు.

విధి పోయినా ఊరట ఉంది

విధి కాదు కదా అని నమాజును ఆ మనిషి జీవితం నుంచి పూర్తిగా తీసెయ్యటం కూడా సరికాదు. ఈ జబ్బులో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, మక్తబ్‌లో కంఠతా పట్టిన ఫాతిహా సూరా నోటికి వస్తుంది. మనుమడి పేరు తెలియదు, అజాన్ వినిపిస్తే మాత్రం చెయ్యి నెత్తి మీది టోపీని వెతుక్కుంటుంది. ఎంతోమంది ఇళ్ళలో ఇది చూశాము.

కాబట్టి రోజూ అదే మూల, అదే జానమాజ్ పరచండి. ఇంట్లో ఒకరు పక్కన నిలబడి చిన్న సూరాలతో నెమ్మదిగా నమాజు చేయండి. వారు చూసి చేస్తారు. వుజూకు "చేతులు కడుక్కో అబ్బా, ఇప్పుడు నోరు పుక్కిలించు" అని ఒక్కొక్కటే చెప్పండి. నీళ్ళంటే బెదిరిపోతే తయమ్ముమ్ చేయించండి. మధ్యలో లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. రకాతు తప్పితే దిద్దకండి. చేసిన నమాజునే మళ్ళీ చేస్తానంటే "ఇప్పుడే చేశావుగా!" అని వాదించకండి. చేస్తే నష్టం లేదు. అలసిపోయి ఉంటే "చాయ్ తాగి చేద్దాం" అని మెల్లగా దృష్టి మరల్చండి. అది వారికి ఫర్జ్ నమాజు కాకపోవచ్చు, కాని ఊరట. అన్నీ చీకటైపోయిన ఇంట్లో మిగిలిన ఒక్క దీపం అది. దాన్ని మనం ఆర్పకూడదు.

మస్జిదు పెద్దలకు, కమిటీ సోదరులకు ఒక విన్నపం. ఒక పల్లెవాసి ప్రవక్త (స) మస్జిదులోనే మూత్రం పోశాడు. సహాబాలు కోపంతో లేచారు. ప్రవక్త (స) వారిని ఆపి, అతణ్ణి పూర్తి కానిచ్చి, ఆ చోట ఒక బొక్కెన నీళ్ళు పోయించారు. అతనికి మృదువుగా నచ్చజెప్పారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లింలలో ఉంది. అతడు మతి ఉన్నవాడు. మరి మతి తప్పిన మన పెద్దాయన పట్ల మన వైఖరి ఎలా ఉండాలి? మస్జిదు శుభ్రతను కాపాడటం కూడా అవసరమే. డైపరు వేసి, శుభ్రమైన బట్టలు కట్టి, తోడుగా ఒక మనిషి వస్తే సఫ్ఫు చివర, తలుపు దగ్గర ఒక కుర్చీ వేయటానికి అభ్యంతరం ఏముంది? ఇబ్బంది మరీ ఎక్కువైతే నమాజు తరువాత నలుగురు వెళ్ళి ఆయన్ను ఇంట్లో పలకరించండి.

మక్కా విజయం నాడు, హిజ్రీ 8లో, హజ్రత్ అబూబక్ర్ (రజి) చూపు పోయిన తన ముసలి తండ్రి అబూ ఖుహాఫాను చెయ్యిపట్టి తీసుకొచ్చారు. పెద్దాయన్ను ఇంట్లోనే ఉంచితే నేనే వచ్చేవాణ్ణి కదా అన్నారు ప్రవక్త (స). అది మక్కా నగరమంతా ఆయన అధీనంలోకి వచ్చిన రోజు! ఆ రోజున కూడా ఒక ముసలాయన గడపకు తానే వెళ్ళటానికి ఆయన సిద్ధపడ్డారు. మనకు తీరికలేదా?

పరువు కాపాడటం

హదీసు శాస్త్ర చరిత్రలో ఒక విషయం మా మనసును ఎంతో కదిలించింది. కొందరు గొప్ప ఉల్లేఖకులకు వృద్ధాప్యంలో మతి తడబడింది. హదీసువేత్తలు దీన్ని 'ఇఖ్తిలాత్' అంటారు. వారు ఆ పెద్దల్ని తక్కువ చేయలేదు. మతి తడబడక ముందు విన్నవి ఏవి, తరువాత విన్నవి ఏవి అని వేరుచేసి, ముందువాటిని గౌరవంతో స్వీకరించారు. హిజ్రీ 170లో మరణించిన బస్రా ఉల్లేఖకుడు జరీర్ బిన్ హాజిమ్ (రహ్మలై) విషయం చూడండి. ఆయనకు ఈ స్థితి వచ్చిందని కొడుకులు పసిగట్టారు. వారూ హదీసు తెలిసినవారే. తండ్రిని జనం ముందుకు రానివ్వకుండా చూసుకున్నారు. అందువల్ల ఆ స్థితిలో ఆయన నుంచి ఎవరూ ఏమీ వినలేదు. తండ్రి జీవితకాలపు పేరుకు ఒక్క మచ్చ కూడా పడలేదు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మతి తప్పిన తాత వింతగా మాట్లాడితే ఫోనులో వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి నవ్వుకునే పిల్లలు మన ఇళ్ళలో లేరా? వారిని వారించని పెద్దలం మనం కామా? ఆయన మేలుకుని ఉంటే ఆ వీడియోకు ఒప్పుకునేవారా? ఆయన అడగలేరు. రేపు అల్లాహ్ అడుగుతాడు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. తండ్రికి మతి పోయిందని తెలియగానే కొన్ని ఇళ్ళలో స్టాంపు కాగితాలు బయటికి వస్తాయి. చెయ్యిపట్టి వేలిముద్ర వేయిస్తారు. చెల్లెళ్ళ వాటా మాయమవుతుంది. మతిలేని మనిషి చేసిన దానం, అమ్మకం, వసీయత్ షరీఅత్‌లో చెల్లవు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కూడా ఒప్పందం చేసుకునేవారికి మతి స్థిమితం ఉండాలంటుంది. అవివేకుల చేతికి ఆస్తి అప్పగించవద్దని, కాని దాని నుంచి వారికి తిండి, బట్ట ఇస్తూ మంచిమాట చెప్పమని నిసా సూరాలో (4: 5) ఆదేశం ఉంది. అంటే ఆస్తి వారిదే, మనం కాపలాదారులం మాత్రమే. ఆ సొమ్ము ముందు వారి మందులకు, వారి తిండికి ఖర్చు కావాలి. నలభై ఏళ్ళు నమాజు చేసిన తండ్రి వేలితో తోబుట్టువుల హక్కు కాజేసినవాడు, తండ్రి నిర్దోషి అయిన చోట తాను దోషి అవుతున్నాడని తెలుసుకోవాలి.

ఇంకా మతి బాగున్న మనం కూడా ఆలోచించాలి. రాయవలసిన వసీయత్ ఉన్న ముస్లిం దాన్ని రాసిపెట్టకుండా రెండు రాత్రులు గడపరాదని ప్రవక్త (స) బోధించారు (బుఖారీ). అప్పులు, అమానత్‌లు, తప్పిపోయిన రోజాల లెక్క ఈ రోజే ఒక పుస్తకంలో రాసి పెడదాం.

కలం ఇప్పుడు ఎవరి మీద ఉంది?

తల్లిదండ్రులలో ఒకరో ఇద్దరో మీ దగ్గర ముసలితనానికి చేరితే వారి ముందు విసుగు శబ్దం కూడా చేయవద్దని, వారిని కసరవద్దని బనీ ఇస్రాయీల్ సూరా (17: 23, 24) ఆజ్ఞాపిస్తోంది. చిన్నప్పుడు తమను కరుణతో పెంచినట్లే వారిని కరుణించమని దువా చేయమంటోంది. ఇక్కడ ముసలితనాన్నే ప్రత్యేకంగా ఎందుకు చెప్పటం జరిగింది? తండ్రి సంపాదిస్తూ, తల్లి వండిపెడుతూ ఉన్నంతకాలం విసుగు రాదు. అడిగిందే పదిసార్లు అడిగినప్పుడు, అర్ధరాత్రి తలుపు తీసి వీధిలోకి వెళ్ళినప్పుడు, మంచం పాడుచేసినప్పుడు విసుగు వస్తుంది. ఆజ్ఞ సరిగ్గా ఆ సమయానికే వచ్చింది. మన చిన్నతనంలో మనం కూడా ఒకే ప్రశ్న పదిసార్లు అడిగాము, పక్క తడిపాము. వారు నవ్వుతూ బట్టలు మార్చారు.

వారి మీద నుంచి ఎత్తబడిన కలం మన మీద రాస్తూనే ఉంది. వారి లెక్క సులువైంది, మన లెక్క మొదలైంది.

ఈ సేవ ఎవరు చేయాలి? మన ఇళ్ళలో అంతా కోడలి నెత్తిన వేసి, కొడుకులు దుకాణాలకు వెళ్ళిపోతారు. తల్లిదండ్రుల సేవ సంతానం మీద ఉన్న బాధ్యత. కోడలు చేస్తే అది ఆమె మంచితనం, దానికి ఆమెకు గొప్ప పుణ్యం ఉంది, మనం కృతజ్ఞత చెప్పాలి. తండ్రికి స్నానం చేయించటం, డైపరు మార్చటం కొడుకులు నేర్చుకోవాలి. ఆ సమయంలో పైన దుప్పటి కప్పి సత్ర్ కాపాడండి. దగ్గర లేని అన్నదమ్ములు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవారు డబ్బు పంపితే సరిపోదు. సెలవుపై వచ్చినప్పుడు ఒక నెల రాత్రికాపలా తాము తీసుకుని చూసుకుంటున్నవారిని నిద్రపోనివ్వాలి. చూసుకునేవారు కూడా మనుషులే. ఒక్కోసారి కేక వేస్తారు, తరువాత కుమిలిపోతారు. అలాంటి సోదరీ సోదరులకు మేము చెప్పేది ఇదే. తౌబా చేయండి, చెయ్యి ముద్దుపెట్టుకోండి, సాయం అడగండి. సాయం అడగటం ఓటమి కాదు. వృద్ధుల కోసం 14567 అనే జాతీయ ఉచిత ఫోన్ నెంబరు ఉంది. తల్లిదండ్రుల్ని వదిలేసిన సంతానం నుంచి పోషణ ఇప్పించే చట్టం 2007లోనే వచ్చింది. కాని మన విషయం చట్టం దాకా పోవలసి వస్తే, అది మనకు సిగ్గుచేటు.

చివరి రోజులు

ఈ వ్యాధి ముదిరాక నడక పోతుంది, మాట పోతుంది, చివరకు మింగటం కూడా కష్టమవుతుంది. తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా వస్తుంది. ఇక్కడే కుటుంబాలు నలిగిపోతాయి. "ముక్కులో గొట్టం వేయించకపోతే ఆకలితో చంపినట్లు కాదా?" అని అడుగుతారు. డిమెన్షియా చివరి దశలో గొట్టంతో తిండి పంపటం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గాని, న్యుమోనియా ఆగుతుందని గాని రుజువు కాలేదని, తల ఎత్తిపట్టి చెంచాతో కొద్దికొద్దిగా తినిపించటమే మేలని వృద్ధుల వైద్య నిపుణులు చెబుతున్నారు. ఫలితం ఆశించలేని చికిత్స చేయించి తీరాలని షరీఅత్ కూడా బలవంతం చేయదు. అయితే రెండింటి మధ్య తేడా గుర్తుంచుకోవాలి. ప్రాణం తీయటానికి ఏదైనా చేయటం హరాం. ప్రయోజనం లేని యంత్రాలు, గొట్టాలు వద్దనుకుని, నొప్పి తగ్గించే మందు, శుభ్రత, తడి పెదవులు, పక్కన మనిషి ఉండేలా చూడటం హరాం కాదు. ఆకలిదప్పులు ఉన్నంతవరకు, మింగగలిగినంతవరకు పెట్టటం మాత్రం ఆపకూడదు. నమ్మకమైన వైద్యుణ్ణి, నమ్మకమైన ఆలిమ్‌ను ఇద్దరినీ కూర్చోబెట్టి తోబుట్టువులంతా కలిసి నిర్ణయించుకోండి. ఊరి జనం ఏమనుకుంటారోనని నిర్ణయించకండి.

సకరాత్ సమయం వచ్చినప్పుడు కలిమా తల్ఖీన్ చేయమని ప్రవక్త (స) ఆదేశించారు (ముస్లిం). తల్ఖీన్ అంటే వినిపించటం, వేధించటం కాదు. చెవి దగ్గర మెల్లగా, వారు వినేటట్లు మనమే చదవాలి. "చెప్పు అబ్బా, చెప్పు!" అని భుజాలు కుదపకూడదు. మాటే పోయిన మనిషి చెప్పలేకపోతే దాన్ని చెడు మరణంగా భావించకండి. మరణించే మనిషి అల్లాహ్ గురించి మంచి ఆశతోనే కన్నుమూయాలని ప్రవక్త (స) తన మరణానికి మూడు రోజుల ముందు ఉపదేశించారు (ముస్లిం). ఆ మనిషి ఆశపడలేని స్థితిలో ఉంటే, ఆయన తరఫున ఆ ఆశ మనం పెట్టుకోవాలి.

జనాజా నమాజు కూడా అందరికీ చేసినట్లే చేయాలి. పుట్టుకతోనే మతిలేనివారికి పిల్లలకు చదివే దువా చదువుతారు. పెద్దయ్యాక మతి తప్పినవారికి పెద్దల దువాయే చదువుతారని ఫిఖ్హ్ పండితులు రాశారు. ఎందుకంటే ఆయన మనకు మతిలేనివాడు కాదు, ఒక నిండు జీవితం గడిపిన ముస్లిం.

ఆ గుంటూరు జిల్లా పెద్దాయన రెండేళ్ళ క్రితం కన్నుమూశారు. మాతో మాట్లాడిన మర్నాటి నుంచే కొడుకు తండ్రి పక్కన జానమాజ్ పరచటం మొదలుపెట్టాడు. చివరి ఏడాది ఆయనకు ఎవరి పేరూ తెలియలేదు. కాని కొడుకు ఫాతిహా చదివి ఆపితే, ఆయన పెదవులు 'ఆమీన్' అని కదిలేవట. కొడుకు ఇప్పుడు కూడా ఆ సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంటాడు.

అల్లాహ్ మనల్ని మతి తప్పే వయసు పరీక్ష నుంచి కాపాడుగాక! ఆ పరీక్షలో ఉన్న మన పెద్దల్ని కరుణించుగాక! వారిని చూసుకునే చేతులకు ఓర్పును, మన నాలుకలకు మృదుత్వాన్ని ప్రసాదించుగాక! రేపు మనకే ఆ స్థితి వస్తే, మన పక్కన జానమాజ్ పరిచే సంతానాన్ని ఇచ్చుగాక! ఆమీన్.